ములగాకు రోజూ వాడొచ్చా? షుగరు, థైరాయిడ్, కిడ్నీ ఉన్న ఇంట్లో ఎవరికి ఎంత?

రాజాం_పెరడు

అందరికీ నమస్కారం. మా పెరట్లో రెండు ములగ చెట్లున్నాయి. ఆషాఢం దగ్గర పడుతోంది కదా, ఈసారి కూర వండుకోవడంతో ఆగకుండా ఆకు పొడి చేసి ఏడాదంతా వాడదామని ఇంట్లో అనుకుంటున్నారు. వాట్సాపులో తిరిగే సందేశాల్లో ములగాకు 300 రోగాలకు మందు అని ఉంటుంది గానీ, ఎవరికి ఎంత, ఎవరికి కూడదు అన్నది ఏ ఒక్కదానిలోనూ లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

అమ్మకి 58 ఏళ్ళు. షుగరుకి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటుంది. థైరాయిడ్‌కి 50 మైక్రోగ్రాముల మాత్ర పొద్దున్నే. పరగడుపున గోరువెచ్చని పాలలో ఒక చెంచా ములగాకు పొడి వేసుకు తాగమని ఎవరో చెప్పారు.

చెల్లికి అయిదో నెల. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఐరన్ మాత్రలు పడక, వాటి బదులు ఈ పొడి ఇవ్వచ్చా అని అడుగుతోంది.

నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ములగ వేరు బెరడు కషాయం కాచి రోజూ అర గ్లాసు తాగమని ఊళ్ళో నాటు వైద్యం చేసే పెద్దాయన చెప్పారు. ఇంకా మొదలుపెట్టలేదు.

కవిటి దగ్గర మావయ్యగారికి కిడ్నీ జబ్బు, రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.4. వాళ్ళకి కూడా పొడి పంపుదామని అమ్మ ఉద్దేశం.

చివరిగా, ఈ వానల్లో ఆకు బూజు పట్టకుండా ఎండబెట్టడం ఎలా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

వైద్యశాల_పాలకొండ

రాజాం గారూ, ముందు మీ నాన్నగారి సంగతి చెబుతాను. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు, ఇది అలా కాదు. వేరు బెరడు కషాయం మొదలుపెట్టకండి.

ములగని మన శాస్త్రంలో శిగ్రు, శోభాంజనం అంటారు. రసం కటువు, తిక్తం. వీర్యం ఉష్ణం. గుణాలు లఘు, రూక్ష, తీక్ష్ణం. కఫాన్నీ వాతాన్నీ తగ్గిస్తుంది, పిత్తాన్నీ రక్తాన్నీ ప్రకోపింపజేస్తుంది. చరకుడు దీన్ని చెమట పట్టించే స్వేదోపగాల్లో, క్రిములను హరించేవాటిలో, ముక్కు ద్వారా తలలోని దోషాన్ని బయటికి తెచ్చే శిరోవిరేచనోపగాల్లో చేర్చాడు. సుశ్రుతుడి వరుణాది గణంలోనూ ఉంది. అంటే పని చేసే మందే. కాబట్టే చెట్టులో ఏ భాగం వాడుతున్నాం అన్నది మొదట తేల్చుకోవాలి.

కాయ అన్నిటికన్నా సౌమ్యమైనది. ములక్కాడ తీపి, వగరు రసాలతో కఫపిత్తాలను తగ్గిస్తుందని భావప్రకాశం చెబుతుంది. ఆకు అంతకన్నా వేడి చేస్తుంది. గింజ తీక్ష్ణం, దాన్ని శ్వేతమరిచం అన్నారు, అంటే తెల్ల మిరియం. వేరు, వేరు బెరడు అన్నిటికన్నా తీక్ష్ణం. పచ్చి వేరు కొద్దిగా గీరి వాసన చూడండి, ఆవాలు నూరినట్టు ముక్కుకి ఎక్కుతుంది. ఆ ఘాటే చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది, లోపలికి పోతే కడుపులో మంట, వాంతులు తెస్తుంది. వేరు బెరడులో మోరింజినిన్ లాంటి ఆల్కలాయిడ్లు, స్పైరోకిన్ అనే నరాల మీద పనిచేసే పదార్థం ఉన్నట్టు గుర్తించారు. వైద్యుడు రోగి బలం, అగ్ని (అరుగుదల శక్తి) చూసి, కొద్దిరోజులకని కొలిచి ఇచ్చే వస్తువది. రోజూ అర గ్లాసు, అది కూడా ఎన్నాళ్ళో చెప్పకుండా తాగించేది కాదు.

మోకాళ్ళకి లోపలికి ఏమీ అక్కర్లేదు, పైన కట్టు చాలు. రెండు గుప్పిళ్ళ పచ్చి ఆకు ఈనెలు తీసి కచ్చాపచ్చాగా దంచండి. మూకుడులో రెండు చెంచాల ఆముదం వేసి సన్నటి సెగ మీద ఆకు మెత్తబడేదాకా తిప్పండి, ఎర్రబడకూడదు. అర చెంచా సైంధవ లవణం కలపండి. ముంజేతి మీద పెట్టి చూసుకుని, ఓర్చుకోగల వేడి ఉన్నప్పుడు నూలు గుడ్డలో పరిచి మోకాలికి కట్టండి. అరగంట నుంచి ముప్పావుగంట ఉంచి తీసి, తడిగుడ్డతో తుడవండి. రోజుకోసారి, వారం పది రోజులు. చర్మం ఎర్రబడి మండితే వెంటనే తీసేయాలి. పుండు, గీరుడు ఉన్నచోట కట్టకూడదు. షుగరు వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకి ఈ కట్టు వద్దు, కాలినా తెలియదు. కాబట్టి నాన్నగారికి పనికొచ్చింది కదా అని అమ్మగారికీ కట్టేయకండి. కీలు ఎర్రగా వాచి, వేడిగా ఉండి, జ్వరం కూడా ఉంటే ఆ వాపుకి ఏ కట్టూ వద్దు, డాక్టరుకి చూపించాలి.

ఇక పాలు. ముల్లంగి, వెల్లుల్లి, కృష్ణగంధ, తులసి జాతులు తిన్నాక పాలు తాగకూడదని, తాగితే చర్మరోగాలు వస్తాయని చరక సంహిత సూత్రస్థానంలో విరుద్ధాహారం చెప్పినచోట స్పష్టంగా ఉంది. కృష్ణగంధ అంటే శోభాంజనమేనని వ్యాఖ్యాతలు రాశారు. పాలలో ములగాకు పొడి అని ఆయుర్వేదం పేరు మీదే ఇంత ప్రచారం జరగడం నాకు బాధగా ఉంటుంది. పప్పులో, చారులో, మజ్జిగన్నంతో తినండి. పాలలో వద్దు.

ఆకు స్వరసం అంటే పచ్చి ఆకు దంచి పిండిన రసం. పెద్దలకి 10 నుంచి 20 మి.లీ. వరకు చెబుతారు, నెలల తరబడి కాదు. మిక్సీలో గ్లాసెడు రుబ్బుకుని పరగడుపున తాగితే మంట, విరేచనాలు, కొందరికి కళ్ళు తిరగడం వస్తాయి. కషాయమైతే శార్ఙ్గధరుడి కొలత: ఒక పలం ద్రవ్యానికి 16 రెట్లు నీళ్ళు, ఎనిమిదో వంతుకు మరిగించాలి. పలాన్ని ఇప్పుడు 48 గ్రాములుగా లెక్కిస్తున్నారు. అంటే 768 మి.లీ. నీళ్ళు 96 మి.లీ. కావాలి. నాలుగు రెబ్బలు వేసి రెండు పొంగులు రానిచ్చిన నీళ్ళని కషాయం అనుకుని, అది వంటబట్టింది కదా అని అసలు కషాయాన్ని అదే గ్లాసుతో తాగేవాళ్ళున్నారు. రెండిటి బలానికీ పోలిక లేదు.

రక్తపిత్త లక్షణాలున్నవాళ్ళకి, అంటే ముక్కు నుంచి రక్తం కారేవాళ్ళకి, నెలసరిలో అధిక రక్తస్రావమయ్యేవాళ్ళకి, మొలల్లో రక్తం పడేవాళ్ళకి, కడుపులో పుండు ఉన్నవాళ్ళకి ఆకు పొడి ఇవ్వకండి. ఎండాకాలంలో ఎవరైనా తగ్గించుకోవాలి. ఇలాంటివాళ్ళకి ములక్కాడ పులుసు నిశ్చింతగా పెట్టొచ్చు.

కళ్ళ సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ములగాకు రసంలో తేనె కలిపి అంజనంగా, అంటే కాటుకలా కంటికి, వేయడం గ్రంథాల్లో ఉంది. దాన్ని చదివి ఇంట్లో పిండిన రసం కంట్లో వేసుకునేవాళ్ళున్నారు. శుద్ధి చేయని ఆకు రసంతో బూజు, సూక్ష్మక్రిములు కంట్లోకి పోయి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపే పోవచ్చు. ఇంటి దగ్గర ఆ పని ఎవ్వరూ చేయకండి.

మందులషాపు_విజయనగరం

అమ్మగారి మాత్రల గురించి నేను చెబుతాను.

థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో మాత్రమే వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ ఉన్నవి ఏవి తీసుకున్నా నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మాత్ర పేగులో వాటితో కట్టుకుని ఒంటికి పట్టదు. ములగాకు పొడిలో కాల్షియం బాగా ఉంటుంది, పాలలో ఎలాగూ ఉంది. పొద్దున్నే మాత్ర, వెనకే పాలూ పొడీ అంటే మాత్ర సగం వృథా. రెండు నెలల తరవాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలకపోతే రక్తపరీక్షలో పెరిగేది) పెరిగి, డోసు పెంచాల్సి వస్తుంది. కారణం మాత్రం ఎవరికీ తోచదు. దీనికి తోడు, ములగాకు సారం ఇచ్చిన ఆడ ఎలుకల్లో టి3 అనే థైరాయిడ్ హార్మోను తగ్గినట్టు ఒక పరిశోధనలో కనిపించింది. మనుషుల్లో అంతే జరుగుతుందని దాన్నిబట్టి చెప్పలేం గానీ, థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్ళు పొడి జోలికి పోకుండా వారానికి రెండు మూడుసార్లు మధ్యాహ్నం కూరగా తినడం మేలు.

షుగరు విషయంలో అసలు జాగ్రత్త గ్లిమెపిరైడ్ దగ్గర. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ మాత్రం తిండి తగ్గినా, దానితో పాటు షుగరు తగ్గించేది ఇంకోటి చేరినా 70 కిందకి లాగేయగలవు. ములగాకు మీద మనుషుల్లో జరిగిన పరిశోధనల్లో రోజుకి 7, 8 గ్రాముల పొడి ఇచ్చి చూసినవి ఉన్నాయి. కొద్దిమంది మీద, కొద్ది వారాలు జరిగినవి. షుగరు కొంత తగ్గినట్టు వచ్చింది, మాత్ర మానేసేంత కాదు. అయినా అమ్మగారు పొడే వాడతానంటే 2 గ్రాములు, అంటే తల కొట్టిన చిన్న టీ చెంచా, అన్నంలో మొదటి ముద్దకి కలుపుకోమనండి. మొదటి రెండు వారాలు పరగడుపునా, తిన్న రెండు గంటలకీ షుగరు చూసి రాసుకోండి. చెమట, వణుకు, గుండెదడ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి పావుగంటలో మళ్ళీ చూడాలి. ఏకాదశికీ శనివారాలకీ ఉపవాసం ఉండే అలవాటుంటే ఆ రోజు పొడి వద్దు. మాత్ర ఆ రోజు ఎలా వేసుకోవాలో కూడా డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి.

చెల్లెలి గారికి పొడి మాత్రల బదులు ఎంతమాత్రం కాదు. లెక్క చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ములగాకులో ఐరన్ సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు. అందులో ఒంటికి పట్టేది కొద్దిగానే. ప్రభుత్వం గర్భిణులకిచ్చే ఎర్ర మాత్ర ఒక్కదానిలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 9.2 అంటే రక్తహీనత మధ్యస్థాయి. అలాంటివాళ్ళకి మామూలుగా రోజుకి రెండు మాత్రలు ఇస్తారు. మాత్ర పడకపోతే రాత్రి అన్నం తిన్న గంట తరవాత నిమ్మరసం నీళ్ళతో వేసుకోమనండి, టీ, పాలు, కాల్షియం మాత్ర దగ్గరలో లేకుండా చూడండి. అప్పటికీ వాంతులైతే ఇంకో రకం ఐరన్ మాత్రో, సెలైన్లో ఎక్కించే ఐరనో ఉంది, ఏఎన్‌ఎంకి గానీ డాక్టరుకి గానీ చెప్పాలి. మాత్ర మాని ఊరుకుంటే కాన్పు నాటికి రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

పాల సంగతిలో వైద్యశాల వారు చరకుణ్ణి చెప్పారు. మా లెక్కలో కారణం వేరు: పాలలోని కాల్షియం ఆకులోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. రక్తం కోసం తినేవాళ్ళు పాలతో తింటే తిన్నదాని ఫలితం దక్కదు.

ఇంకొకటి. గుండె కవాటం మార్చినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసినోకుమరాల్ వాడుతుంటే ములగాకులోని కె విటమిన్ ఆ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. ఒక వారం రోజూ తిని మరో వారం మానేస్తే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) అదుపు తప్పుతుంది. ఆషాఢమంతా ఆకే, శ్రావణం నుంచి అసలు లేదు అన్న పద్ధతి వాళ్ళకి ప్రమాదం.

వైద్యశాల_పాలకొండ

చెల్లెలి గారి విషయంలో ఒక మాట కలుపుతాను. గర్భిణికి వేరు, బెరడు, గింజ, పువ్వు, పొడి, రసం ఏవీ వద్దు. వేరు బెరడు గర్భం పోగొట్టడానికి వాడిన వస్తువు. ఎలుకల్లో ఆకు సారం కూడా అలా పనిచేసినట్టు నమోదైంది. పప్పులో వేసి ఉడికించిన గుప్పెడు ఆకు ఎప్పుడైనా తిన్నారని భయపడనక్కర్లేదు. ములక్కాడ తినొచ్చు. కాన్పు అయ్యాక సంగతి వేరు, బాలింతకి పాలు పడాలని తెలగపిండితో ఆకు వండి పెట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న మంచి అలవాటే.

చోడి_అంబలి

నా అభిప్రాయం, ఆషాఢంలో అసలు ఎండబెట్టకండి. ఆ నెలలో పచ్చి ఆకు కావలసినంత దొరుకుతుంది, పచ్చిదే తినండి. మన తీరప్రాంతంలో ఆ నెలలో గాలిలో చెమ్మ ఎక్కువ, నీడన వేసిన ఆకు మూడో రోజుకి కూడా గలగలలాడదు. పైకి ఎండినట్టుంటుంది, డబ్బాలో పోశాక లోపలి చెమ్మ బయటికొచ్చి పది రోజుల్లో ముక్క వాసన వేస్తుంది. పొడి చేయాలంటే మార్గశిరం నుంచి మాఘం దాకా మంచి కాలం. కాయలు అయిపోయాక కొమ్మలు నరికితే నెలన్నరలో కొత్త చిగురొస్తుంది. ఆ ఆకు మరీ లేతగా కాకుండా, ముదరకుండా ఉన్నప్పుడు కోయండి.

మంచు ఆరాక కోయాలి. తడి లేని రెమ్మలు గుడ్డలో మూటకట్టి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి ఆకు దానంతటదే రాలుతుంది. తడి రెమ్మలని మాత్రం అలా కట్టకండి, మూటలో వేడి పుట్టి ఆకు పసుపు తిరుగుతుంది. లీటరు నీళ్ళకి 10 గ్రాముల ఉప్పు కలిపి ఆకుని అయిదు నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. పాత పంచెలో వేసి నీళ్ళు విదిలించండి. నులక మంచం మీద నూలు గుడ్డ పరిచి, ఆకు మీద ఆకు పడకుండా పలచగా చల్లి, గదిలో ఫ్యాను కింద ఉంచండి. పూటకోసారి తిరగెయ్యాలి. ఎండలో వేస్తే త్వరగా ఎండుతుంది గానీ రంగు పోయి గడ్డి వాసన వస్తుంది, ఎ విటమిన్ ఇచ్చే కెరోటిన్ పోతుంది. సి విటమిన్ అయితే నీడలో కూడా చాలావరకు పోయేదే, దానికోసం పొడి మీద ఆశ పెట్టుకోవద్దు. వేలితో నలిపితే పెళపెళలాడి పొడైపోవాలి. వంగుతూ ఉంటే ఇంకా కాలేదన్నమాట. నాలుగు రోజులు దాటినా అలా కాకపోతే ఆ ఆకు పెంటకుప్పకే, నిలవకి కాదు.

కిలో పచ్చి ఆకుకి 200 నుంచి 250 గ్రాముల పొడి వస్తుంది. దీన్ని గుర్తుంచుకుంటే మోతాదు బోధపడుతుంది: 10 గ్రాముల పొడి అంటే 40, 50 గ్రాముల ఆకు తిన్నట్టు. చల్లారాక మిక్సీ పట్టి, జల్లించి, తడి లేని సీసాలో పోసి చీకట్లో పెట్టండి. ఆరు నెలలు మించి ఉంచవద్దు. తడి చెంచా పెడితే అక్కడితో సరి.

ఆషాఢంలో కోసేటప్పుడు చెట్టు మొదలు చూడండి. ఈ కాలంలో గొంగళి పురుగులు పగలు మాను మీద గుంపుగా పట్టి ఉంటాయి, రాత్రి ఆకు తింటాయి. వాటి నూగు ఆకు మీద పడితే చేతులు దురద, కూరలో పడితే గొంతు దురద. పురుగు పట్టిన చెట్టు ఆకు ఆ పూటకి వదిలేయండి. మందు కొట్టి పురుగు పోగొట్టారంటే ఆ మందు డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఆకు ముట్టుకోవద్దు. కాయల కోసం పెంచే తోటల్లో వరసగా మందులు కొడతారు, ఆ తోటల ఆకు సంతలో చవగ్గా వచ్చినా కొనకండి. హైవే పక్క చెట్ల ఆకు కూడా అంతే, దుమ్మూ పొగా పట్టి ఉంటుంది.

పచ్చి ఆకుకి మన తెలగపిండి కూరని మించింది లేదు. నలుగురికి: రెండు పెద్ద గుప్పిళ్ళ ఆకు ఈనెలు లేకుండా దూయండి. ఈనెలు అరగవు, కూర తిన్నాక కడుపు నొప్పి అంటే చాలాసార్లు అవే కారణం. రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, పసుపు, ఉప్పు, ఆకు వేసి మూత లేకుండా ఏడెనిమిది నిమిషాలు ఉడకనివ్వండి. ఒక గ్లాసు తెలగపిండి చల్లి, కలపకుండా మూతపెట్టి సన్నటి సెగ మీద పది నిమిషాలు మగ్గించండి. అప్పుడు గరిటె వెనకవైపుతో విడదీస్తే పొడిపొడిగా వస్తుంది. ముందే కలిపితే ముద్దకడుతుంది. చివర్లో నువ్వులనూనెలో మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఇంగువ పోపు. తెలగపిండి గానుగ దగ్గర ఆడించిన తాజాదే కావాలి, పశువుల దాణాకి అమ్మేది వంటకి కాదు. నాలిక మీద వేసి చూస్తే చేదుగా, ముక్కగా ఉంటే బూజు మొదలైనట్టే.

పొడి వాడేవాళ్ళు చోడి అంబలిలో వేసి కాచకండి. దించాక, తాగే ముందు, మజ్జిగతో పాటు అర చెంచా కలిపితే చేదు తెలియదు.

నర్సు_ఉద్దానం

మావయ్యగారికి పొడి పంపకండి.

మన ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలిసిందే, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. క్రియాటినిన్ 2.4 అంటే కిడ్నీ పని సగానికన్నా బాగా తగ్గిపోయినట్టు. ఈ స్థితిలో పొటాషియం సరిగా బయటికి పోదు. 100 గ్రాముల పచ్చి ములగాకులో 300 నుంచి 400 మి.గ్రా. పొటాషియం ఉంటుంది, పొడిలో అది నాలుగైదు రెట్లు చిక్కబడుతుంది. ఒక్క చెంచా పొడితోనే ప్రాణం మీదికి వస్తుందని నేను అనను. కానీ ఆ ఇంట్లో కొబ్బరినీళ్ళు ఉంటాయి, అరటిపండు ఉంటుంది, బీపీకి టెల్మిసార్టాన్ గానీ రామిప్రిల్ గానీ ఉండొచ్చు, ఒక్కొక్కరికి స్పైరనోలాక్టోన్ కూడా. ఇవన్నీ పొటాషియం పెంచేవే. పొటాషియం 6 దాటాక ఒళ్ళు బరువెక్కడం, కండరాలు పట్టు తప్పడం, ఆ తరవాత గుండె లయ తప్పడం. కొందరిలో ముందు ఏ గుర్తూ ఉండదు, అదే భయం.

వారికి ములగాకు మీద మనసుంటే దారి ఉంది. ముందు రక్తంలో పొటాషియం చూపించుకోవాలి. 5 లోపు ఉండి, చూసే డాక్టరు సరేనంటే, ఆకుని సన్నగా తరిగి, దానికి పదింతల నీళ్ళలో అయిదారు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, పిండి, అప్పుడు కూర చేయాలి. పొటాషియం నీళ్ళలోకి దిగిపోతుంది. వారానికి ఒకసారి, చిన్న గిన్నెడు. ఆ నీళ్ళు బలమని చారులో పోస్తే చేసిన పనంతా వ్యర్థం. తెలగపిండిలో కూడా పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి, వారికి ఆ కూర వద్దు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు డైటీషియన్ చెప్పకుండా ఆకుకూరలేవీ ముట్టకూడదు.

ములగ పేరుతో వచ్చే ఇంకో ప్రమాదం చెప్పాలి. కిడ్నీలు కడుగుతుందని, క్రియాటినిన్ దించుతుందని ఊళ్ళల్లో పసర మందులు, పొట్లాలు అమ్ముతారు. అందులో ఏముందని అడిగితే ములగాకు, పల్లేరు, కొండపిండి అని మనకు తెలిసిన పేర్లే చెబుతారు. ఇంకేమి కలిసిందో మనకు కనబడదు. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఈ రెండిట్లో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీని శాశ్వతంగా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సరుకీ దారితీస్తుంది. భస్మాలు కలిస్తే సీసం, పాదరసం భయం. ఉద్దానంలో ఉన్న ప్రతి ఇంటికీ నా విన్నపం ఇదే: పేరు, మోతాదు, లైసెన్సు రాసి లేని పొట్లం నోట్లో వేసుకోకండి. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా ఆ పొట్లం పట్టుకుని ఆసుపత్రికి రండి. 2023 డిసెంబరు నుంచి పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి.

రాజాం_పెరడు

అందరికీ చాలా కృతజ్ఞతలు. నాన్నకి కషాయం వద్దని చెప్పేశాం, మావయ్యగారికి పొడి పంపడం మానుకున్నాం. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. బజారులో దొరికే మోరింగా మాత్రలు, పొడి ప్యాకెట్లు నమ్మొచ్చా? ఎండిన కాయల్లో గింజలు రోజుకి రెండు నమిలితే కొవ్వు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

మందులషాపు_విజయనగరం

ప్యాకెట్ ఆహారంగా అమ్మేదైతే 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉండాలి. మందుగా అమ్మేదైతే ఆయుర్వేద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, తయారీ తేదీ ఉండాలి. పొడి ఆకుపచ్చగా, పచ్చి వాసనతో ఉండాలి. గోధుమరంగు తిరిగిందంటే ఎండలో ఎండబెట్టిందో, పాతదో. మాత్రల్లో రెండు రకాలున్నాయి, చూసి కొనండి. వట్టి ఆకు పొడి నింపినవి ఒకటి, సారం తీసి చిక్కబరచి నింపినవి ఇంకొకటి. సారం మాత్ర 500 మి.గ్రా. అంటే అది 500 మి.గ్రా. ఆకుతో సమానం కాదు, అందుకు ఎన్నో రెట్లు. అమ్మగారికి ఆ రెండో రకం వద్దు. ఏది వాడినా ఏదైనా ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందు ఆపి, మత్తు డాక్టరుకి చెప్పండి.

వైద్యశాల_పాలకొండ

గింజలు నమలడం గురించి. బీజచూర్ణం 1 నుంచి 3 గ్రాములు శాస్త్రంలో ఉంది, కఫం బాగా పెరిగినప్పుడు, వైద్యుడి చేతిమీదుగా. ఊరికే నమిలితే మొదట తీపి, వెనకే చేదు, అరగంటకి వికారం, కొందరికి నీళ్ళ విరేచనాలు. విరేచనాలైతే బరువు తగ్గినట్టు కనబడుతుంది, తగ్గేది నీరు. తల భారానికి గింజ పొడి ముక్కులో పీల్చే అలవాటు కూడా కొన్ని ఊళ్ళలో ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పని చేస్తే ఊపిరి పట్టేస్తుంది, మిగతావాళ్ళకి ముక్కులోంచి రక్తం రావచ్చు. విత్తనాలుగా అమ్మేవాటికి మందు పూసి ఉంటారు, గులాబీ, నీలి రంగుల్లో ఉంటాయి, వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ నోట్లో పెట్టకూడదు.

ఇంకొక మాట, వేరు బెరడు కోసం ఇప్పటికే చెట్టు మొదట్లో తవ్వి ఉంటే మట్టి కప్పేయండి. ఈ వానకి ఆ గుంటలో నీరు నిలిస్తే వేరు కుళ్ళి చెట్టు పడిపోతుంది.